బెంగళూరులో ఉంటూ వ్యవసాయ ప్రాజెక్టుల మానిటరింగ్, ఇవాల్యుయేషన్ నేర్చుకోవడం ఎలా: ఒక్క సేద్యపు కుంటతో మొదలుపెట్టండి

ఎం అండ్ ఈ (మానిటరింగ్ అండ్ ఇవాల్యుయేషన్) నేర్చుకోవాలి, ఏ కోర్స్ మంచిది అని బెంగళూరులో మన తెలుగువాళ్ళు తెగ అడుగుతుంటారు. వాళ్ళలో అగ్రికల్చర్ బీఎస్సీ చేసి ఇక్కడికొచ్చినవాళ్ళుంటారు, సాఫ్ట్‌వేర్ బోర్ కొట్టి ఎన్జీవో వైపు వద్దామనుకునేవాళ్ళుంటారు, ఆల్రెడీ ఫీల్డ్‌లో పని చేస్తూ ఒకరోజు పొద్దున్నే "ఇంకనుంచి నువ్వే మన ఎం అండ్ ఈ ఆఫీసర్‌వి" అనిపించుకుని బిక్కమొహం వేసినవాళ్ళూ ఉంటారు. కోర్సులు ఉన్నాయి, చెప్తా, కానీ వాటితో మొదలెట్టకండి. ఒక స్కీము పట్టుకోండి, ఒక ఊరు పట్టుకోండి, మొదట్నుంచి చివరిదాకా ఒక బుల్లి ఇవాల్యుయేషన్ మీ చేత్తో మీరే చెయ్యండి.

ఇందులో ఇక్కడున్న తెలుగువాళ్ళకి ఒక వెసులుబాటు ఉంది. పొద్దున్నే బస్సెక్కితే టిఫిన్ టైముకో కాస్త అటూ ఇటూగానో చింతామణి, బాగేపల్లి, శ్రీనివాసపురం, ముళబాగిలు వైపు దిగొచ్చు, అక్కడ చాలా ఊళ్ళల్లో ఇంట్లో మాట్లాడేది తెలుగే, రైతుతో మాట్లాడ్డానికి మధ్యలో ఎవరూ అక్కర్లేదు. పహాణీలు, ఆఫీసు ఫైళ్ళు మాత్రం కన్నడలో ఉంటాయి. ఆ లిపి మనకి ఎంత దగ్గరంటే కొన్నాళ్ళు కూర్చుంటే కూడబలుక్కుని చదివేస్తాం, అది తప్పకుండా నేర్చుకోండి, ఏ సాఫ్ట్‌వేర్ కంటే ముందు ఇదే పనికొస్తుంది.

ముందు రెండు పనుల్ని విడదీసుకోండి

ఈ గైడ్ మొత్తానికి ఒకటే ఉదాహరణ తీసుకుందాం. కర్ణాటకలో 2014లో కృషి భాగ్య అని స్కీము వచ్చింది, వర్షాధారం పొలాల్లో కుంట తవ్వి, అడుగున ప్లాస్టిక్ షీట్ పరిచి, వాన నీళ్ళు నిలబెట్టుకుని, పంట ఎండే టైములో ఒక తడి ఇచ్చుకోడానికి సబ్సిడీ. ఇక్కడ కృషి హొండ అంటారు, మనవైపు సేద్యపు కుంట.

ఈ నెల ఎన్ని కుంటలు తవ్వారు, షీట్ వేశారా, సబ్సిడీ డబ్బు ఎవరికి పడింది ఎవరికి ఆగింది, ఇవన్నీ పని నడుస్తుండగానే చూసి సరిచేసుకోడానికి, అది మానిటరింగ్. ఆ కుంట వల్ల రైతు పంటలో ఏమన్నా మారిందా, మారితే అది కుంట వల్లేనా, ఇది ఇవాల్యుయేషన్. రెండోది చెయ్యాలంటే మొదటిది సరిగ్గా నడిచి ఉండాలి, లేకపోతే పద్దు రాయని కొట్టులో లాభం లెక్కేసినట్టే ఉంటుంది. మన దేశంలో ఇదేం కొత్త కాదు, కమ్యూనిటీ డెవలప్‌మెంట్ కార్యక్రమాన్ని చూడ్డానికని 1952లోనే ప్రోగ్రామ్ ఇవాల్యుయేషన్ ఆర్గనైజేషన్ పెట్టారు, 2015లో దాన్ని కలిపేసి నీతి ఆయోగ్ కింద డెవలప్‌మెంట్ మానిటరింగ్ అండ్ ఇవాల్యుయేషన్ ఆఫీస్ (డీఎంఈఓ) చేశారు.

అడుగు 1: అయిపోయిన ప్రాజెక్ట్ ఒకటి తెరిచి చదవండి

టెక్స్ట్‌బుక్ కాదు, ప్రాజెక్ట్ కాగితాలు. ప్రపంచ బ్యాంకు అప్పుతో నడిచిన ప్రాజెక్టులకి మూడు కాగితాలు ఆన్‌లైన్‌లో ఫ్రీగా దొరుకుతాయి: మొదలెట్టేటప్పుడు రాసిన అప్రైజల్ డాక్యుమెంట్, ముగిశాక వాళ్ళే రాసుకున్న కంప్లీషన్ రిపోర్ట్, దాని మీద వాళ్ళ ఇండిపెండెంట్ ఇవాల్యుయేషన్ గ్రూప్ ఇచ్చే రివ్యూ. మూడూ పక్కపక్కన పెట్టుకోండి. మొదటిదాంట్లో ఏం మాటిచ్చారు, రెండోదాంట్లో ఏది సాధించామన్నారు, మూడోదాంట్లో ఏ ముక్క దగ్గర "దీనికి ఆధారం చాల్లేదు" అని ఆగారు, అది చూడండి. మధ్యలో ఏ ఇండికేటర్ (ఫలితాన్ని కొలవడానికి పెట్టుకున్న అంకె) చడీచప్పుడు లేకుండా మారిపోయిందో, ఏ టార్గెట్ తగ్గిపోయిందో మీకే కనపడుతుంది, నా మటుకు ఇంతకంటే మంచి పాఠం ఏ క్లాసులోనూ లేదు.

దగ్గరదే కావాలంటే సుజల వాటర్‌షెడ్ ప్రాజెక్ట్ తీసుకోండి. 2001 నుంచి 2009 దాకా నడిచింది, కోలార్, తుమకూరు, చిత్రదుర్గతో పాటు హావేరి, ధార్వాడ కూడా ఉన్నాయి, మానిటరింగ్ పని ఇస్రో వాళ్ళ కంపెనీ యాంట్రిక్స్ చేసింది, శాటిలైట్ బొమ్మలూ ఊళ్ళో సర్వేలూ కలిపి. ఇవి కాక కర్ణాటక ఇవాల్యుయేషన్ అథారిటీ రాష్ట్ర స్కీముల మీద చేయించిన రిపోర్టులు ఉంటాయి, నాగరభావిలో ఉన్న ఐసెక్ అనే సామాజిక, ఆర్థిక పరిశోధన సంస్థలో వ్యవసాయాభివృద్ధి మీదే పనిచేసే సెంటర్ ఒకటి ఉంది, వాళ్ళ స్టడీలూ చదవొచ్చు.

చదివేటప్పుడు ఇవాల్యుయేషన్ కోసం ఓఈసీడీ (ఎక్కువగా ధనిక దేశాలున్న కూటమి) వాళ్ళు పెట్టిన ఆరు ప్రశ్నలు పక్కన రాసుకోండి, ఇంటర్వ్యూల్లో కూడా ఎలాగూ అడుగుతారు. ఈ పని అక్కడి జనానికి కావాల్సిందేనా, మిగతా స్కీములతో పొసిగిందా, అనుకున్నది జరిగిందా, పెట్టిన డబ్బుకి తగ్గ పనేనా, చివరికి ఏం మారింది, ప్రాజెక్ట్ వాళ్ళు సర్దుకుని వెళ్ళాక కూడా నిలుస్తుందా. రెండోది 2019లో కలిపారు, మిగతా ఐదూ 1991 నుంచీ ఉన్నవే.

అడుగు 2: గొలుసు రాయండి, ప్రతి కొక్కెం దగ్గరా ఒక అనుమానం రాయండి

తెల్ల కాగితం మీద మధ్యమధ్యలో బాణం గుర్తులు పెట్టి ఇలా రాయండి: సబ్సిడీ వచ్చింది, కుంట తవ్వారు, వాన నీళ్ళు నిండాయి, పంట వాడిపోయే టైములో తడి ఇచ్చారు, దిగుబడి పోకుండా నిలిచింది, డబ్బు మిగిలింది. దీన్నే థియరీ ఆఫ్ చేంజ్ అంటారు, దీన్నే నాలుగు వరుసలు, నాలుగు నిలువు గడుల టేబుల్‌లో పెడితే లాగ్‌ఫ్రేమ్, 1969లో అమెరికా వాళ్ళ విదేశీ సాయం సంస్థ యూఎస్‌ఎయిడ్ కోసం తయారుచేసింది, ఇప్పటికీ డోనర్లు అదే అడుగుతారు.

అసలు పని బాణం గుర్తుల దగ్గర ఉంది. సబ్సిడీ నుంచి కుంటకి: రైతు వాటా డబ్బు ముందు పెట్టుకోగలిగినవాడికే కుంట వచ్చిందా? కుంట నుంచి నీళ్ళకి: నిండింది వానతోనా, బోరు నీళ్ళు తెచ్చి నింపుకున్నారా? బోరు నీళ్ళు దాచుకునే తొట్టిలా వాడుకుంటుంటే రైతుకి లాభం ఉండొచ్చు, కానీ అది మనం రాసుకున్న గొలుసు కాదు, పైగా భూగర్భజలం తగ్గే వైపు వెళ్తోంది. నీళ్ళ నుంచి తడికి: పైకి తోడ్డానికి ఇంజన్ ఉందా, అద్దెకి తెచ్చుకోవాలా, అప్పుడు పక్కింటాయన కూడా దానికోసమే నిలబడి ఉంటాడు కదా.

ఇక్కడే ఒక చిన్న లెక్క వేసి పెట్టుకోండి, తర్వాత అబద్ధపు అంకెల్ని పట్టుకోడానికి పనికొస్తుంది. 12 మీటర్ల పొడవు, అంతే వెడల్పు, 3 మీటర్ల లోతు కుంట అనుకోండి, గోడలు నిట్టనిలువుగా ఉంటే 4 లక్షల 32 వేల లీటర్లు, కానీ గట్లు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి అంతకన్నా బాగా తక్కువే పడతాయి. ఒక ఎకరానికి 5 సెంటీమీటర్ల తడి ఇవ్వాలంటే 2 లక్షల లీటర్లు కావాలి. అంటే ఒకసారి నిండిన కుంట ఒక ఎకరానికి ఒకట్రెండు తడులు, అంతే. ఎవరన్నా "కుంట వల్ల సీజనంతా ఐదెకరాలు పారింది" అని రిపోర్ట్ ఇస్తే మళ్ళీ మళ్ళీ నిండి ఉండాలి, లేదా బోరు ఉండాలి, లేదా ఆఫీసులో కూర్చుని రాసి ఉండాలి.

అడుగు 3: ఇండికేటర్లు తగ్గించండి, కొలతలు ముందే తేల్చుకోండి

కొత్తవాళ్ళు యాభై ఇండికేటర్లు రాస్తారు. గొలుసులో ఒక్కో మెట్టుకి ఒకటో రెండో చాలు. "ట్రైనింగులు ఎన్ని జరిగాయి" లాంటివి మానిటరింగ్ షీట్లో ఉంచండి, వాటిని ఫలితంలా చూపించకండి.

కొలతల గొడవ మాత్రం చిన్నది కాదు. చింతామణి వైపు గుంటలు, 40 గుంటలు ఒక ఎకరం. బోర్డర్ దాటి మదనపల్లె వెళ్తే సెంట్లు, 100 సెంట్లు ఒక ఎకరం, అంటే గుంట అంటే రెండున్నర సెంట్లు. రైతు "ఇరవై" అంటే ఇరవై ఏమిటో రాసుకోకపోతే డేటా మొత్తం పోయినట్టే. కోలార్ మార్కెట్లో టమాట బాక్సు 15 కిలోల లెక్క, వేరే మార్కెట్లో బాక్సు వేరే సైజు ఉంటుంది. బస్తా అన్నా అంతే, వేరుశెనగ బస్తా, రాగి బస్తా ఒకటి కాదు, ఏ ఊళ్ళో బస్తా ఎన్ని కిలోలో ముందే ఒక పట్టిక రాసిపెట్టుకోండి.

దిగుబడికి రైతు చెప్పేదాన్ని సరిచూసుకోవాలంటే పంట కోత ప్రయోగం నేర్చుకోండి, పంటల బీమాకి కూడా వాడే పద్ధతే. చాలా పంటలకి 5 మీటర్లు ఇంటూ 5 మీటర్ల గడి, పొలంలో ఎక్కడ వెయ్యాలో లాటరీ పద్ధతిలో తేలాలి, బాగా పండిన చోట మనం చూసి వెయ్యకూడదు. ఆ గడిలో కోసి, నూర్చి, ఆరబెట్టి తూచిన కిలోలని దాదాపు 162తో గుణిస్తే ఎకరం లెక్క వస్తుంది. రాగి పది కిలోలొస్తే ఎకరానికి పదహారు క్వింటాళ్ళు. పచ్చిగా తూచి గుణిస్తే అంకె ఉబ్బిపోతుంది, ఆరబెట్టడం మానకండి.

ఆదాయం అనే ఇండికేటర్ ఇంకా కష్టం. 2018-19 జాతీయ శాంపిల్ సర్వేలో ఒక వ్యవసాయ కుటుంబం నెల ఆదాయం సగటున 10,218 రూపాయలు వచ్చింది, అందులో కూలి, జీతాల డబ్బే 4,063, పంట మీద 3,798, పాడి పశువుల మీద 1,582. అంటే రైతు కుటుంబానికి అన్నిటికంటే పెద్ద వాటా పంటది కూడా కాదు. మీ కుంట రాగిని కాపాడినా, అదే ఏడు ఆ ఇంటి కుర్రాడు హొసకోటె వైపు ఫ్యాక్టరీలో చేరితే ఇంటి ఆదాయం దానివల్లే పెరిగి ఉంటుంది. కాబట్టి ఇంటి ఆదాయం కాకుండా ఆ పొలం మీద ఎకరానికి మిగిలింది ఎంత అని అడగండి, ఖర్చులో ఏం కలుపుతున్నారో కూడా రాయండి. చేతి నుంచి పెట్టిన ఖర్చు ఒక్కటేనా అంటే ఏ2, ఇంటివాళ్ళ కష్టం కూడా కలిపితే ఏ2 ప్లస్ ఎఫ్‌ఎల్, సొంత భూమికి కౌలు, పెట్టుబడికి వడ్డీ కూడా లెక్కేస్తే సీ2. మద్దతు ధర లెక్కలు చూసే సీఏసీపీ వాడే పద్ధతి ఇదే. బేస్‌లైన్‌లో (ప్రాజెక్ట్ మొదట్లో చేసే సర్వే) ఒకటి, ఎండ్‌లైన్‌లో (చివర్లో చేసే సర్వే) ఇంకోటి వాడితే లాభం దానంతటదే పుట్టుకొస్తుంది.

ధర సంగతి కూడా. 2023 జూలైలో కోలార్‌లో 15 కిలోల టమాట బాక్సు రెండు వేలు దాటింది, రెండు మూడు నెలలు తిరక్కుండానే కిందపడింది. ఆ జూలైలో ఎండ్‌లైన్ చేసుంటే ఏ టమాట ప్రాజెక్ట్ అయినా సూపర్ హిట్టే. అందుకే దిగుబడి విడిగా, ధర విడిగా రాయండి, రెండేళ్ళకీ ఒకే ధర పెట్టి కూడా ఒకసారి లెక్క వేసి చూడండి.

అడుగు 4: ఇది ప్రాజెక్ట్ వల్లేనా?

మొత్తం పనిలో కష్టమైంది ఇదే, మిగతావన్నీ దీనికోసమే.

కోలార్ ఉదాహరణే చూడండి. బెంగళూరులో కోరమంగళ, చల్లఘట్ట లోయ మురుగునీళ్ళని శుద్ధి చేసి కోలార్ జిల్లా చెరువుల్లోకి పంపే కేసీ వ్యాలీ పథకం 2018లో మొదలైంది, రోజుకి 44 కోట్ల లీటర్లు, మొదటి దశలో 126 చెరువులు అని లక్ష్యం. నేరుగా పొలాలకి కాదు, చెరువు నిండి బోర్లలో నీళ్ళు ఊరాలన్నది ఉద్దేశం. తర్వాత బోర్లలో నీళ్ళు పైకొచ్చాయని చాలామంది రైతులు చెప్తారు. కానీ 2021 నవంబర్‌లో అక్కడ వానలు దంచికొట్టాయి. ఇప్పుడు బోరులో నీళ్ళు పెరిగింది పైపు వల్లా, వాన వల్లా? "ముందు ఇంత, తర్వాత ఇంత" అని రెండంకెలు చూపిస్తే ఈ ప్రశ్నకి జవాబు రాదు. పైపు నీళ్ళు అందిన చెరువు చుట్టుపక్కల బోర్లనీ, అదే వాన పడి పైపు నీళ్ళు అందని చెరువు దగ్గర బోర్లనీ పోల్చాలి, అదీ 2018కి ముందు కొన్నేళ్ళ నుంచి లెక్క పట్టుకుని. భూగర్భజల బావుల రీడింగులు ఇండియా వ్రిస్ అనే ప్రభుత్వ నీటి లెక్కల పోర్టల్లో దొరుకుతాయి, ప్రాక్టీసుకి ఇది బంగారం లాంటి కేసు. అన్నట్టు ఆ నీళ్ళని శుద్ధిలో రెండో మెట్టు (సెకండరీ ట్రీట్‌మెంట్) దాకానే శుద్ధి చేస్తున్నారన్నది అక్కడ పెద్ద వివాదం, నీటిమట్టం ఒక్కటే కొలిచి నాణ్యత వదిలేసిన ఇవాల్యుయేషన్‌ని ఆ ఊరివాళ్ళు నమ్మరు, నమ్మక్కర్లేదు కూడా.

మన కుంటకొస్తే ఇలా చెయ్యండి. కుంట ఉన్న రైతులు కొందరు, లేనివాళ్ళు కొందరు, ఇద్దరిదీ ముందు లెక్క, తర్వాత లెక్క. ఉత్తుత్తి అంకెలు అనుకోండి: కుంట ఉన్నవాళ్ళకి ఎకరానికి మిగులు 12,000 నుంచి 19,000 అయింది, లేనివాళ్ళకి 11,000 నుంచి 15,000 అయింది. కుంట వల్ల 7,000 పెరిగింది అని రాయకండి. లేనివాళ్ళకీ 4,000 పెరిగింది, అది మంచి వాన, మంచి ధర. మిగిలిన 3,000 మాత్రమే కుంట ఖాతాలో వెయ్యొచ్చు. దీన్నే డిఫరెన్స్ ఇన్ డిఫరెన్సెస్ అంటారు, పేరు భయపెడుతుంది గానీ మూడు తీసివేతలు.

ఇదీ ఒక షరతు మీదే నిలుస్తుంది, కుంట లేకపోతే ఇద్దరూ ఒకే దారిలో వెళ్ళేవాళ్ళు అని నమ్మాలి. కుంట వేయించుకున్నాయన ఆఫీసుల చుట్టూ తిరగగలిగినవాడు, చేతిలో కాస్త డబ్బున్నవాడు, కొత్త విత్తనం కూడా ముందు ఆయనే వేస్తాడు, అలాంటాయన్ని ఊరి చివర కౌలుకి చేసుకునే ఆయనతో పోలిస్తే ఆ మూడు వేలు కూడా కుంటవి కావు. అప్లికేషన్ పెట్టుకుని ఇంకా మంజూరు కాని రైతులు దొరికితే వాళ్ళే మంచి పోలిక, ఎందుకంటే వాళ్ళూ తిరిగినవాళ్ళే. అసలు ఎవరికి ముందు ఇవ్వాలో లాటరీ వేసి తేలిస్తే ఈ తలనొప్పే ఉండదు, ర్యాండమైజ్డ్ ట్రయల్ అంటే అదే, 2019లో బెనర్జీ, డఫ్లో, క్రెమర్‌లకి నోబెల్ వచ్చింది ఈ దారి పేదరికం పనుల్లోకి తెచ్చినందుకే. కానీ ప్రభుత్వ స్కీముల్లో లాటరీకి ఒప్పుకునే ఆఫీసర్ దొరకడం అరుదు, మీ పని ఎక్కువగా ఉన్నదాంతో సర్దుకోవడమే.

అడుగు 5: శాంపిల్

ఎంత శాతం ఇళ్ళల్లో ఫలానాది ఉందో అంచనా వెయ్యాలి, అటూ ఇటూ 5 శాతం తేడా ఫర్వాలేదు, 95 శాతం నమ్మకం కావాలి అంటే 384 ఇళ్ళు, ఈ అంకె ఎక్కడ చూసినా కనపడుతుంది. అయితే అది ఇళ్ళని విడివిడిగా లాటరీ తీస్తేనే. మనం ఊళ్ళు ఎంచుకుని ఊరికి ఇరవై ఇళ్ళు తీస్తాం, ఒకే ఊళ్ళో రైతులు ఒకేలా ఉంటారు, ఒకే వాన, ఒకే షాపు మందులు, కాబట్టి దాదాపు రెట్టింపు కావాల్సి రావొచ్చు. డబ్బు తక్కువుంటే ఊరికి ఇళ్ళు తగ్గించి ఊళ్ళు పెంచండి. ప్రాక్టీసుకి మాత్రం కుంట ఉన్నవాళ్ళు ఇరవై, లేనివాళ్ళు ఇరవై చాలు, దాంతో ఏదీ రుజువు కాదు, పని మాత్రం వస్తుంది.

అడుగు 6: ప్రశ్నలు రాసి, ఊళ్ళోకి వెళ్ళండి

సర్వే ఫామ్‌లు నింపే కోబో టూల్‌బాక్స్ గానీ ఓడీకే గానీ ఫోన్లో పెట్టుకోండి, రెండూ సిగ్నల్ లేకపోయినా పనిచేస్తాయి. ఫామ్‌లో అంకెలకి హద్దులు పెట్టండి, ఎకరానికి రాగి 40 క్వింటాళ్ళు అని ఎవరన్నా కొడితే ఫోనే ఆపి అడగాలి.

ప్రశ్న ఎలా అడుగుతామన్నది సగం పని. "గత సంవత్సరం మీ మొత్తం దిగుబడి ఎంత" అంటే ఆయన ఏదో ఒక అంకె చెప్పి మనల్ని సాగనంపుతాడు. ఇలా వెళ్ళండి: "అన్నా, పోయిన వానల్లో ఈ చేన్లో ఏం పెట్టినారు? కోత ఎప్పుడైంది? ఎన్ని మూటలయింది? ఇంటికెన్ని పెట్టుకున్నారు, అమ్మింది ఎన్ని, ఎవురికి?" ఇంటికి ఉంచుకున్నది, కూలికి ఇచ్చింది, అమ్మింది కలిపితే మొత్తం మీకే వస్తుంది, ఆయన చెప్పిన మొత్తంతో సరిపోకపోతే అక్కడే నవ్వుతూ మళ్ళీ అడగొచ్చు. సబ్సిడీ గురించి మొదట్లోనే అడక్కండి, మీరు స్కీము ఆఫీసు నుంచి వచ్చారనుకుని ఇంకో కుంట వస్తుందేమో అన్న ఆశతో అన్నీ బాగున్నాయంటారు. మీరెవరో, ఎందుకొచ్చారో, చెప్పడం ఇష్టం లేకపోతే మానేయొచ్చని ముందే చెప్పాలి, ఇది ఫామ్‌లో టిక్ పెట్టుకునే వ్యవహారం కాదు.

పొద్దున, సాయంత్రం పాల డెయిరీకి పాలు పోసే టైములో ఎవర్నీ కదిలించకండి, పాలు పోసొచ్చాక కూర్చుంటారు. పాల డబ్బు, కోళ్ళు, కలుపు కూలి గురించి ఇంట్లో ఆడవాళ్ళని విడిగా అడగండి, మగాయన పక్కన కూర్చుంటే అక్క "ఆయన్నే అడగండి" అనేస్తుంది. కుంట నుంచి నీళ్ళు మోసే పని ఎవరిమీద పడిందో, ఏ నెలలో ఎంత టైము పోతోందో ఆమెకే తెలుసు.

కుంట దగ్గరికి మీరే నడిచి వెళ్ళండి. షీట్ చిరిగిందా, కంచె ఉందా, అంచున పశువుల అడుగులున్నాయా, పిల్లలు పడకుండా ఏమన్నా పెట్టారా, బోరు పైపు ఒకటి కుంటలోకి దిగి ఉందా. ఫోటో, జీపీఎస్ తీసుకోండి. నలుగురు సర్వేయర్లతో చేయిస్తుంటే ప్రతి పది ఇళ్ళల్లో ఒక ఇంటికి వేరే మనిషి వెళ్ళి జవాబు మారని ప్రశ్నలు నాలుగు మళ్ళీ అడిగి సరిచూడాలి, ముందే సర్వేయర్లకి ఈ సంగతి చెప్పేస్తే సగం సమస్య అక్కడే తీరిపోతుంది.

అడుగు 7: లెక్కలు, బొమ్మలు

మొదట్లో ఎక్సెల్ చాలు, తర్వాత ఆర్ (R) అనే లెక్కల సాఫ్ట్‌వేర్ నేర్చుకోండి, అది ఫ్రీ. సగటు ఒక్కటే చూసి ఆగకండి, చిన్న రైతుకెంత, పెద్ద రైతుకెంత విడదీయండి, చాలా స్కీముల కథ అక్కడే బయటపడుతుంది. శాటిలైట్ వాడాలనిపిస్తుంది, వాడండి, యూరప్ వాళ్ళ సెంటినెల్-2 శాటిలైట్ బొమ్మలు 2015 నుంచి ఫ్రీగా ఉన్నాయి, కాకపోతే దాని ఒక్కో చుక్క 10 మీటర్లు, మన కుంట ఒకటో రెండో చుక్కల్లో కలిసిపోతుంది. చెరువులకీ, పెద్ద పొలాల పచ్చదనానికీ బాగుంటుంది, కుంట లోపల నీళ్ళున్నాయా అన్నదానికి మీ కాళ్ళే నమ్మకం.

అడుగు 8: రిపోర్ట్, ఆ తర్వాత కోర్స్

పది పేజీలు దాటకండి. మొదటి పేజీలో ఏం తేలింది, ఏం తేలలేదు, ఎంత నమ్మొచ్చు. కుంటలు పనిచెయ్యని చోట ఎందుకో రైతుల మాటల్లోనే రాయండి. ఊరికి తీసుకెళ్ళి వాళ్ళ ముందు తెలుగులో చదివి వినిపించండి, రచ్చబండ దగ్గర "అది తప్పప్పా, ఆ ఏడు మిడతలొచ్చినాయి" అని ఎవరో ఒకరు అంటారు, అది ఫైనల్ రిపోర్ట్‌లోకి ఎక్కాలి.

ఇది చేశాక కోర్సులకి వెళ్ళండి, ర్యాండమైజ్డ్ ట్రయల్స్ చేసే పరిశోధన సంస్థ జే-పాల్, ఎంఐటీ వాళ్ళ ఆన్‌లైన్ క్లాసులు బాగుంటాయి, హైదరాబాద్‌లో వ్యవసాయ విస్తరణ మీద పనిచేసే మ్యానేజ్, గ్రామీణాభివృద్ధి సంస్థ ఎన్ఐఆర్‌డీ ట్రైనింగులు పెడుతుంటాయి, అప్పుడు వాళ్ళు చెప్పే ప్రతి మాటకీ మీ దగ్గర ఒక కుంట ఉదాహరణ ఉంటుంది. ఉద్యోగానికి వెళ్ళేటప్పుడు సర్టిఫికెట్ వెనకాల ఆ పది పేజీల రిపోర్ట్ పెట్టండి, రైతుల పేర్లూ ఫోన్ నంబర్లూ తీసేసి.

టైము విషయానికొస్తే, రాగి అక్కడ జూలై, ఆగస్టుల్లో వేసి నవంబర్, డిసెంబర్లో కోస్తారు. కుంటలో నీళ్ళు చూడాలంటే సెప్టెంబర్, అక్టోబర్‌లో ఒకసారి, పంట కోత గడి వెయ్యాలంటే కోతలప్పుడు, నూర్పిళ్ళయ్యి మూటలు ఇంటికి చేరాక సంక్రాంతి దాటి ఇంటింటి సర్వేకి వెళ్ళండి. వచ్చే ఏడు కూడా మళ్ళీ అదే నెలల్లో, అవే ఇళ్ళకి.